బండి ఎడమకెందుకు లాగుతోంది? లైనక్స్‌లో గేమ్ కంట్రోలర్ అమర్చుకోవడం, సరిచేసుకోవడం

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం ఇల్లు వదిలి ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. ముందు వరసలో పిల్లలు కంట్రోలర్లు చేతుల్లో పట్టుకునే కూర్చున్నారు. వాళ్లకోసం మొదట ఒక సంగతి చెప్తాను.

మా అక్క కొడుక్కి పదకొండేళ్లు. మొన్న వేసవి సెలవులకి మా ఇంటికొచ్చాడు. మా ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఒకటుంది, విండోస్ బదులు ఉబుంటు అనే లైనక్స్ వేసుకున్నాను. అందులో సూపర్‌టక్స్‌కార్ట్ అని కార్ల పందెం ఆట ఉంది. వాడు తన కంట్రోలర్ తెచ్చుకున్నాడు. రెండేళ్లుగా వాడుతున్నది, ఖరీదైనదేమీ కాదు. రెండు రోజులు తెగ ఆడాడు. మూడో రోజు పొద్దున కంట్రోలర్ పక్కన పెట్టేసి, “మామయ్యా, నాకీ ఆట రాదు. ఎంత జాగ్రత్తగా నడిపినా బండి గోడకే పోతోంది” అన్నాడు. మొహం చిన్నబోయింది.

వాడి పక్కన కూర్చుని చూశాను. తిన్నగా ఉన్న రోడ్డు మీద వాడు స్టిక్ వదిలేసినా బండి మెల్లగా ఎడమకి లాగుతోంది. అది సరిచేయడానికి వాడు కుడికి కాస్త నొక్కి పట్టుకుంటున్నాడు. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆ కాస్తా లెక్క తప్పిస్తోంది. రెండు రోజులుగా వాడు కుస్తీ పడుతున్నది ఆ స్టిక్‌తో. నీ చేతిలో వస్తువే తప్పు చెబుతోంది నాన్నా అని ఎవరో ఒకరు చెప్పకపోతే, పిల్లవాడు తప్పు తనదే అనుకుంటాడు. అందుకే ఈ విషయం మీద నాకింత పట్టింపు.

ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇంతే. కంట్రోలర్ సరిగ్గా పనిచేయనప్పుడు, సెట్టింగుల్లో చెయ్యి పెట్టేముందు, అది కంప్యూటర్‌కి ఏ అంకె పంపిస్తోందో చూడండి. లైనక్స్‌లో ఆ అంకెని ఎవరైనా చూడొచ్చు. చూశాక ఏదో ఒక్కచోట సరిచేయండి, నాలుగుచోట్ల వద్దు.

కిరాణా కొట్లో పాతకాలపు త్రాసు చూసినవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. రెండు పళ్లేలూ ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు మధ్యలో నిలవాలి. నిలవకపోతే తేలికగా ఉన్న వైపు చిన్న రాయో ఇనపముక్కో కట్టేవాళ్లు. దాన్నే పాసంగం అంటాం. పాసంగం సరిచూసుకోకుండా తూస్తే ప్రతి తూకమూ తప్పే. కాలిబ్రేషన్ అంటే కూడా ఇదే. స్టిక్ మీద వేలు లేనప్పుడు అంకె సున్నా దగ్గర ఉండాలి, ఈ చివరికి నెడితే పూర్తి ఎడమ, ఆ చివరికి నెడితే పూర్తి కుడి రావాలి. సున్నా, రెండు కొసలు, అంతే.

ఈ గొడవ కొత్తది కాదు. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడే దానికి గేమ్ పోర్ట్ అనే కార్డు ఉండేది, 15 పిన్నుల సాకెట్. జాయ్‌స్టిక్‌లో ఉండేది మామూలు వేరియబుల్ రెసిస్టర్. స్టిక్ కదిలితే రెసిస్టెన్స్ మారుతుంది. కంప్యూటర్ దాన్ని నేరుగా కొలవలేదు. చిన్న కెపాసిటర్ ఎంతసేపట్లో ఛార్జ్ అవుతుందో లెక్కపెట్టి, ఆ సమయాన్ని బట్టి స్టిక్ ఎక్కడుందో తెలుసుకునేది. దాంతో జాయ్‌స్టిక్ మారితే లెక్క మారేది, కార్డు మారితే మారేది. అందుకే ఆ రోజుల్లో చాలా ఆటలు మొదలవగానే “స్టిక్‌ని పై ఎడమ మూలకి నెట్టి బటన్ నొక్కండి” అని అడిగేవి. లైనక్స్‌లో జాయ్‌స్టిక్ డ్రైవర్‌నీ, దానితోపాటు కాలిబ్రేట్ చేసే జెఎస్‌కాల్, అంకెలు చూపించే జెఎస్‌టెస్ట్ అనే పనిముట్లనీ 90ల చివర్లో వోయ్‌టెక్ పావ్లిక్ రాశారు. ఆ పనిముట్లు ఇప్పటికీ మన దగ్గర ఉన్నాయి. వాటితో వచ్చే తికమక కూడా ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ముందు తగిలించడం సంగతి. కంట్రోలర్ పెట్టగానే ఏమీ రాకపోతే మొదట అనుమానించాల్సింది కేబుల్‌ని. ఫోన్ ఛార్జర్‌తో వచ్చే కొన్ని కేబుళ్లలో కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. కంట్రోలర్ లైటు వెలుగుతుంది, కంప్యూటర్‌కి మాత్రం అక్కడ ఏమీ లేనట్టే. టెర్మినల్ తెరిచి, జర్నల్‌సిటిఎల్ మైనస్ కె, మైనస్ ఎఫ్ అని కొట్టి, అప్పుడు కేబుల్ గుచ్చండి. తీగలు సరిగ్గా ఉంటే నాలుగైదు లైన్లు టకటకా పడతాయి. ఒక్క లైనూ పడకపోతే డ్రైవర్ల కోసం వెతికి లాభం లేదు, కేబుల్ మార్చండి.

లైన్లు పడితే అందులో పేరు కనిపిస్తుంది. మా వాడి కంట్రోలర్ పెట్టె మీద ఏదో కంపెనీ పేరుంది. తెర మీద మాత్రం “మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360 ప్యాడ్” అని వచ్చింది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటామే, అదే. చౌక కంట్రోలర్లలో చాలావరకు ఎక్స్‌బాక్స్ 360 గుర్తింపు నంబరునే తమదిగా చెప్పుకుంటాయి. లైనక్స్ వరకు ఇది మనకి మేలే చేస్తుంది. ఆ నంబరు చూడగానే కర్నెల్‌లోని, అంటే లైనక్స్ మూలభాగంలోని, ఎక్స్‌ప్యాడ్ అనే డ్రైవర్ అందుకుంటుంది. ఎక్స్‌ప్యాడ్ ఏళ్ల తరబడి కర్నెల్‌లోనే ఉంది, మనం ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.

ఇలాంటి కంట్రోలర్లకి రెండు మూడు మోడ్‌లు ఉంటాయి. మధ్యలో ఉన్న హోమ్ బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే ఎక్స్‌ఇన్‌పుట్ అనే ఎక్స్‌బాక్స్ పద్ధతి నుంచి డిఇన్‌పుట్ అనే పాత పద్ధతికో, ఆండ్రాయిడ్ మోడ్‌కో మారుతుంది. బటన్లు తారుమారైనా, ట్రిగ్గర్లు పనిచేయకపోయినా ముందు మోడ్ మార్చి చూడండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోవడం నా కళ్లతో చూశాను.

సోనీ కంట్రోలర్ల సంగతి ఇప్పుడు చాలా బాగుపడింది. 2021లో వచ్చిన కర్నెల్ 5.12లో హిడ్-ప్లేస్టేషన్ అనే డ్రైవర్ చేరింది. దాన్ని సోనీ వాళ్లే రాసి ఇచ్చారు, మొదట ప్లేస్టేషన్ 5 కంట్రోలర్ డ్యూయల్‌సెన్స్ కోసం. తర్వాత 6.2లో ప్లేస్టేషన్ 4 కంట్రోలర్ డ్యూయల్‌షాక్ 4 కూడా దాని కిందకి వచ్చింది. నింటెండో స్విచ్ కంట్రోలర్లకి 5.16 నుంచి హిడ్-నింటెండో ఉంది. అంటే మీ కర్నెల్ మరీ పాతది కాకపోతే పేరున్న కంట్రోలర్లన్నీ గుచ్చగానే పనిచేయాలి.

బ్లూటూత్ గురించి రెండు ముక్కలు. డ్యూయల్‌షాక్ 4 అయితే షేర్ బటన్, పీఎస్ బటన్ కలిపి లైటు గబగబా మినుకుమనే దాకా పట్టుకోవాలి. డ్యూయల్‌సెన్స్‌లో షేర్ బదులు క్రియేట్ బటన్. బ్లూటూత్‌సిటిఎల్ అనే టెర్మినల్ పనిముట్టులో పెయిర్ చేశాక ట్రస్ట్ అనే మాట కూడా కొట్టాలి. అది మర్చిపోతే ఇవాళ పనిచేసినది రేపు కలవనని మొరాయిస్తుంది. ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలర్ పాత ఫర్మ్‌వేర్‌తో ఉంటే కలుస్తూ, తెగుతూ ఉంటుంది. దాని ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌కి విండోస్ కంప్యూటరో, ఎక్స్‌బాక్సో కావాలి. స్నేహితుల ఇంట్లో ఉంటే ఒకసారి చేయించుకుంటే సరిపోతుంది. ఏదైనా సమస్య వెతికేటప్పుడు మాత్రం బ్లూటూత్ పక్కన పెట్టి కేబుల్‌తోనే చూడండి. ఒకేసారి రెండు అనుమానాలు పెట్టుకుంటే ఏదీ తేలదు.

పర్మిషన్ల విషయం దగ్గర కొంచెం గట్టిగా చెప్తాను. “కంట్రోలర్ కనబడటం లేదు” అని అడిగితే, “నీ పేరుని ఇన్‌పుట్ గ్రూపులో చేర్చుకో” అని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది. చేర్చుకోకండి. ఆ గ్రూపులో ఉంటే మీ పేరు మీద నడిచే ఏ ప్రోగ్రామైనా మీ కీబోర్డు మీద పడే ప్రతి అక్షరాన్నీ చదవగలదు, బ్యాంకు పాస్‌వర్డుతో సహా. ఆ అవసరమే లేదు. ఉబుంటు లాంటి ఇప్పటి లైనక్స్ పంపిణీల్లో కంప్యూటర్ ముందు కూర్చుని లాగిన్ అయిన మనిషికి, కంట్రోలర్ వరకు మాత్రం అనుమతి దానంతటదే వస్తుంది. యుదేవ్ అనేది ఆ పని చూసుకుంటుంది. ఆటలు కొని ఆడుకునే స్టీమ్ అనే ప్రోగ్రాము వాడేవాళ్లు స్టీమ్-డివైసెస్ అనే ప్యాకేజీ వేసుకుంటే మిగతా కంట్రోలర్లకి కావాల్సిన నియమాలు కూడా వచ్చేస్తాయి. స్టీమ్‌ని ఫ్లాట్‌పాక్‌గా, అంటే మిగతా సిస్టమ్ నుంచి వేరుచేసిన ప్యాకేజీగా, వేసుకున్నవాళ్లకి ఇది మరీ అవసరం, ఎందుకంటే ఫ్లాట్‌పాక్ తనంతట తాను ఆ నియమాలు పెట్టలేదు. స్నాప్ అనే అలాంటి ఇంకో రకం ప్యాకేజీలో ఆట వేసుకుంటే జాయ్‌స్టిక్ అనుమతిని విడిగా కలపాల్సి రావచ్చు.

సరే, ఇప్పుడు అసలు విషయం. తెర చూడండి. మా వాడి కంట్రోలర్‌నే తెచ్చాను, వాడిని అడిగే తెచ్చాను. కంట్రోలర్ పంపే అంకెలు చూపించే పనిముట్టు ఒకటుంది, ఎవ్‌టెస్ట్ అని కొడుతున్నాను. పరికరాల జాబితా వచ్చింది, మన కంట్రోలర్ నంబరు ఎంచుకున్నాను. ముందు అది తన గురించి తాను చెప్పుకుంటుంది. ఎన్ని బటన్లు, ఎన్ని ఇరుసులు, ఒక్కో ఇరుసుకి కనిష్ఠం ఎంత, గరిష్ఠం ఎంత. ఇరుసు అంటే స్టిక్ గానీ ట్రిగ్గర్ గానీ కదిలే ఒక్కో దారి. ఎడమ స్టిక్ అడ్డంగా కదిలే ఇరుసు పేరు ఏబీఎస్ ఎక్స్. కనిష్ఠం మైనస్ 32768, గరిష్ఠం 32767. దాని కింద ఇంకో రెండు మాటలున్నాయి, ఫజ్ 16, ఫ్లాట్ 128. ఫజ్ అంటే ఇంతలోపు వణుకుని పట్టించుకోవద్దని. ఆ పని కర్నెలే చేస్తుంది. ఫ్లాట్ అంటే మధ్యలో ఇంతమేర సున్నాగానే భావించండని. ఇది మాత్రం కర్నెల్ పైవాళ్లకి చెప్పే సలహా, పాటించడం పాటించకపోవడం వాళ్లిష్టం. ఈ చిన్న తేడా తెలియక చాలామంది ఫ్లాట్ మార్చి, ఏమీ మారలేదని తల పట్టుకుంటారు.

ఇప్పుడు స్టిక్‌ని ఎడమకి పూర్తిగా నెట్టి, వేలు మెల్లగా తీసేస్తున్నాను. చివర నిలిచిన అంకె చూశారా? మైనస్ 5200 దగ్గర ఆగింది. ఇంకోసారి, ఈసారి కుడికి నెట్టి వదిలాను. మైనస్ 1000. రెండుసార్లూ వేలు లేదు, స్ప్రింగు దాన్ని మధ్యకే తెచ్చింది. అయినా ఒకసారి ఒక అంకె, ఇంకోసారి ఇంకో అంకె. రెండూ సున్నాకి ఎడమ పక్కనే. మా వాడి బండి గోడకెందుకు పోయిందో ఇప్పుడు మీ కళ్లముందే ఉంది. మైనస్ 5200 అంటే దాదాపు 16 శాతం. ఎవరో పక్కన కూర్చుని స్టీరింగుని ఎప్పుడూ 16 శాతం ఎడమకి లాగి పట్టుకున్నట్టు.

ఇలా పదిసార్లు చేయండి, నాలుగు దిక్కులకీ నెట్టి వదలండి. ప్రతిసారీ నిలిచిన అంకె కాగితం మీద రాసుకోండి. తర్వాత స్టిక్‌ని అంచు పట్టుకుని గుండ్రంగా రెండు చుట్లు తిప్పి, అటూ ఇటూ ఎంతదాకా పోతోందో చూడండి. రెండు నిమిషాల పని. ఈ కాగితం లేకుండా కాలిబ్రేషన్ మొదలుపెట్టకండి. టెర్మినల్ అంటే బెరుకు ఉన్నవాళ్లకి జెఎస్‌టెస్ట్-జిటికె ఉంది, ఇంగో రూంకే రాశారు. చతురస్రంలో చిన్న ప్లస్ గుర్తు కదులుతుంది, పిల్లలకి చూపించడానికి చాలా బాగుంటుంది.

ప్రశ్న వచ్చింది, మళ్లీ చెప్తాను, వెనక వాళ్లకి వినబడలేదేమో. “జెఎస్‌కాల్‌తో కాలిబ్రేట్ చేశాను, జెఎస్‌టెస్ట్‌లో చక్కగా సున్నా వచ్చింది, ఆటలో మాత్రం అలాగే ఉంది, ఎందుకు?” అని అడుగుతున్నారు.

నేను తికమక అన్నది ఇదే. థాంక్స్ అమ్మా, సరిగ్గా సమయానికి అడిగావు. లైనక్స్‌లో ఒకే కంట్రోలర్‌కి రెండు ద్వారాలు ఉంటాయి. పాతది జెఎస్ 0, జెఎస్ 1 అనే పేర్లతో ఉంటుంది. కొత్తది ఈవెంట్ 5, ఈవెంట్ 17 లాంటి పేర్లతో ఉంటుంది, దాన్ని ఎవ్‌డెవ్ అంటాం. జెఎస్‌కాల్ సరిచేసేది పాత ద్వారాన్నే. ఇప్పటి ఆటల్లో ఎక్కువ భాగం ఎస్‌డిఎల్ అనే లైబ్రరీ మీద నడుస్తాయి. శామ్ లాంటింగా 1998లో మొదలుపెట్టిన లైబ్రరీ అది, మన సూపర్‌టక్స్‌కార్ట్ కూడా దాన్నే వాడుతుంది. ఎస్‌డిఎల్ వెళ్లేది ఎవ్‌డెవ్ ద్వారంలోంచి. మీరు ముందు గుమ్మం తాళం బాగుచేశారు, ఆట పెరటి గుమ్మంలోంచి వెళ్తోంది. మీరు చేసిన దాంట్లో తప్పు లేదు, చేసిన చోటు వేరు.

జెఎస్‌కాల్ పనికిరాదని కాదు. పాత ఆటలు, కొన్ని ఎమ్యులేటర్లు, కొన్ని రోబోటిక్స్ ప్రోగ్రాములు ఇప్పటికీ జెఎస్ ద్వారాన్నే చదువుతాయి. వాటికి జెఎస్‌కాల్ మైనస్ సి అని కొట్టి, పరికరం దారి ఇస్తే చాలు. ముందు కాసేపు స్టిక్ ముట్టుకోవద్దంటుంది, వణుకెంతో కొలుచుకుంటుంది. తర్వాత ఒక్కో ఇరుసుకి కనిష్ఠం, మధ్య, గరిష్ఠం అడుగుతుంది. ట్రిగ్గర్ దగ్గర జాగ్రత్త. దానికి మధ్య అనేది స్ప్రింగు ఆపే చోటు కాదు. వదిలేస్తే కనిష్ఠం, సగం నొక్కితే మధ్య. అంతా అయ్యాక జెఎస్‌కాల్-స్టోర్ కొట్టకపోతే కేబుల్ పీకగానే పోతుంది. ఇంకో మాట. డ్యూయల్‌షాక్ 4 తగిలిస్తే దాని మోషన్ సెన్సర్లు వేరే పరికరంగా కనబడతాయి, కొన్నిసార్లు జెఎస్ 1 అనే పేరుతో. అదే స్టిక్ అనుకుని దాన్ని కాలిబ్రేట్ చేసి గంటలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. పేరు చూసుకోండి.

కొత్త ద్వారానికి పనిముట్టు ఎవ్‌డెవ్-జాయ్‌స్టిక్. ఉబుంటులో జాయ్‌స్టిక్ అనే ప్యాకేజీ వేసుకుంటే జెఎస్‌కాల్‌తో పాటే వస్తుంది. షోకాల్ అని అడిగితే ఇప్పుడున్న అంకెలు చూపిస్తుంది. మినిమమ్, మాక్సిమమ్, డెడ్‌జోన్, ఫజ్ అని నాలుగూ మార్చొచ్చు. డెడ్‌జోన్ అంటే ఇందాకటి ఫ్లాటే, మధ్యలో సున్నాగా లెక్కించే మేర. ఇరుసు నంబరు తప్పకుండా ఇవ్వండి. ఇవ్వకపోతే అన్ని ఇరుసులకీ అదే అంకె పెట్టేస్తుంది. డి-ప్యాడ్‌కి, అంటే నాలుగు దిక్కుల ప్లస్ బటన్‌కి, ఉండేది మైనస్ 1, 0, 1 మాత్రమే. దానికి 32 వేలు పెడితే అది చచ్చుబడిపోతుంది.

ఇక్కడ మధ్య బిందువు ఎంత అని అడిగే చోటే లేదని గమనించారా? ఎవ్‌డెవ్‌కి మధ్య అని వేరే ఏమీ లేదు. కనిష్ఠానికీ గరిష్ఠానికీ సరిగ్గా నడుమ ఉన్నదే మధ్య. కాబట్టి సున్నాని జరపాలంటే కొసల్లో ఒకదాన్ని జరపాలి. మన కాగితం తీద్దాం. స్టిక్ వదిలినప్పుడు మైనస్ 5200 నుంచి మైనస్ 1000 మధ్యలో ఎక్కడో ఆగుతోంది. ఆ రెంటికీ నడుమ మైనస్ 3100. ఇదే మన అసలు సున్నా కావాలి. కనిష్ఠం మైనస్ 32768 అలాగే ఉంచుదాం. గరిష్ఠం ఎంత పెడితే నడుమ మైనస్ 3100 అవుతుంది? 26568. కూడి రెండుతో భాగించి చూసుకోండి.

పెట్టాను. దీనికి సుడో, అంటే అడ్మిన్ అనుమతి, కూడా అడగలేదు, చూశారా, ఎందుకంటే కంట్రోలర్ మీద మనకి అనుమతి ముందే ఉంది. ఇప్పుడు ఆట తెరిస్తే బండి ఎడమకి లాగడం చాలావరకు పోతుంది. ఆట ముందే తెరిచి ఉంటే మూసి మళ్లీ తెరవాలి, ఎందుకంటే ఎస్‌డిఎల్ ఈ అంకెలని పరికరాన్ని తెరిచేటప్పుడే చదువుకుంటుంది.

ఇందులో ఒక లాభం ఉంది, అది నాకు చాలా ఇష్టమైన భాగం. సున్నా జరపకుండా డెడ్ జోన్ ఒక్కదానితోనే ఈ తప్పుని కప్పాలంటే 5200 దాకా పెట్టాలి, అంటే 16 శాతం. స్టిక్ కదలికలో ఆ మేరకు రెండు పక్కలా మొద్దుబారిపోతుంది. మెల్లగా తిప్పడం అనేదే కుదరదు. సున్నాని జరిపాక, అటు 2100, ఇటు 2100 కప్పితే చాలు, ఏడు శాతం. సగానికి సగం కూడా కాలేదు. పిల్లవాడి వేలికి ఆ మిగిలిన తొమ్మిది శాతం తిరిగొచ్చింది. బదులుగా పోయిందేమిటంటే, కుడివైపు చివర దాకా నెట్టకముందే పూర్తి కుడి వచ్చేస్తుంది. కార్ల ఆటలో అది తెలియను కూడా తెలియదు.

ఆ ఏడు శాతం డెడ్ జోన్ ఎక్కడ పెట్టాలి? ఆటలో పెట్టే వీలుంటే ఆటలో. స్టీమ్ అయితే స్టీమ్‌లో. ఎస్‌డిఎల్ మామూలుగా కర్నెల్ ఇచ్చిన ఫ్లాట్‌ని పట్టించుకోదు, స్టిక్ చెప్పింది చెప్పినట్టు పైకి పంపిస్తుంది. పట్టించుకోమని చెప్పాలంటే ఎస్‌డిఎల్ లైనక్స్ జాయ్‌స్టిక్ డెడ్‌జోన్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 1 చేయాలి. పదాల మధ్య అండర్‌స్కోర్లు, అన్నీ పెద్ద అక్షరాలు. నేను మాత్రం ఆటలో పెట్టడానికే మొగ్గు చూపుతాను. కారణం డెడ్ జోన్ ఆకారం. కర్నెల్ ఫ్లాట్ ఒక్కో ఇరుసుకి విడివిడిగా ఉంటుంది, కాబట్టి మధ్యలో ప్లస్ గుర్తు ఆకారంలో మొద్దు ప్రాంతం ఏర్పడుతుంది. స్టిక్‌ని మీరు కాస్త ఏటవాలుగా నెట్టినా అది తిన్నగా అయిపోతుంది. కార్ల ఆటకి ఇది ఫరవాలేదు. గురి చూసి కొట్టే ఆటలో గురి నిచ్చెన మెట్లు దిగినట్టు కదులుతుంది. మంచి ఆటలు గుండ్రటి డెడ్ జోన్ ఇస్తాయి, స్టిక్ మధ్య నుంచి ఎంత దూరం పోయిందో చూసి నిర్ణయిస్తాయి.

ఒకేచోట అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, ఇవి ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. జాగ్రత్త కోసమని వేరియబుల్‌లో కొంత, స్టీమ్‌లో కొంత, ఆటలో కొంత పెడతాం. చివరికి స్టిక్ పావు వంతు కదిలితే గానీ బొమ్మ కదలదు. అప్పుడు కంట్రోలర్ పాడైందనుకుని కొత్తది కొంటాం. కొనేముందు అన్నీ సున్నా చేసి, ఎవ్‌టెస్ట్ చూడండి.

ప్లేస్టేషన్, నింటెండో కంట్రోలర్లకి ఇంకో మెలిక ఉంది. వాటిని ఎస్‌డిఎల్ ఒక్కోసారి ఎవ్‌డెవ్ కూడా దాటి నేరుగా హిడ్‌రా అనే దారిలో చదువుతుంది. అప్పుడు మనం ఎవ్‌డెవ్‌లో జరిపిన కొసలు దానికి కనిపించవు. వీటికి నయమైన దారి వేరే ఉంది. నింటెండో కంట్రోలర్ తన కాలిబ్రేషన్‌ని తన లోపలి మెమరీలోనే దాచుకుంటుంది, కర్నెల్ డ్రైవర్ అక్కడి నుంచే చదువుకుంటుంది. డ్యూయల్‌షాక్ 4, డ్యూయల్‌సెన్స్‌లకైతే బ్రౌజర్‌లోంచే లోపలి కాలిబ్రేషన్‌ని తిరగరాసే ఉచిత పనిముట్టు ఉంది. వెబ్‌హిడ్, అంటే వెబ్ పేజీ పరికరంతో నేరుగా మాట్లాడే వీలు, ఉన్న క్రోమియం రకం బ్రౌజరే కావాలి, ఫైర్‌ఫాక్స్‌లో రాదు. అక్కడ చేస్తే ఏ కంప్యూటర్‌కి తగిలించినా సరిగ్గానే ఉంటుంది. అదే కారణానికి ముందు తాత్కాలికంగా చేసి చూసి, నమ్మకం కుదిరాకే శాశ్వతంగా రాయండి.

ఎవ్‌డెవ్‌లో మనం పెట్టిన అంకెలు కేబుల్ పీకగానే పోతాయి. నిలవాలంటే ఈటీసీలో యుదేవ్ రూల్స్ ఫోల్డర్లో ఒక లైను రాయాలి. ఈ తయారీదారు నంబరు, ఈ వస్తువు నంబరు ఉన్న పరికరం తగిలినప్పుడు ఈ ఎవ్‌డెవ్-జాయ్‌స్టిక్ కమాండ్ నడుపు, అని. మా వాడి కంట్రోలర్ లాంటివి ఎక్స్‌బాక్స్ 360 నంబరే చెప్పుకుంటాయి కాబట్టి, ఇంట్లో అలాంటివి రెండుంటే రెండోదానికీ అదే సర్దుబాటు పడిపోతుంది. బాగున్న కంట్రోలర్ కుడికి లాగడం మొదలుపెడుతుంది. రెండున్న ఇంట్లో రూల్ రాయకండి, చిన్న స్క్రిప్టు రాసుకుని ఆట తెరిచేముందు నడపండి. స్క్రిప్టులో ఈవెంట్ 17 లాంటి నంబరు పెట్టకండి, రేపటికి అది మారుతుంది. బై-ఐడి ఫోల్డర్లో ఈవెంట్-జాయ్‌స్టిక్ అని ముగిసే పేరుంటుంది, అది వాడండి.

బటన్లు తారుమారవడం గురించి ఒక్క మాట. అది కాలిబ్రేషన్ కాదు, మ్యాపింగ్. ఎస్‌డిఎల్ దగ్గర ఏ కంట్రోలర్‌లో ఏ బటన్ ఏదో చెప్పే పెద్ద పట్టిక ఉంటుంది. మీది అందులో లేకపోతే స్టీమ్‌లో బటన్లు ఒక్కొక్కటిగా నొక్కి అమర్చుకోవచ్చు. అసలు కంట్రోలర్‌నే ఎరగని ఆట అయితే యాంటీమైక్రోఎక్స్‌తో ఒక్కో బటన్‌కీ ఒక్కో కీబోర్డు మీట కట్టేయండి. ఒక్క నొక్కుకి రెండు దెబ్బలు పడుతున్నాయంటే స్టీమ్‌ని చూడండి. అది మీ కంట్రోలర్ వెనక ఇంకో ఊహా ఎక్స్‌బాక్స్ ప్యాడ్ సృష్టిస్తుంది, ఆట రెంటినీ చదువుతోందన్నమాట. ఆ ఆటకి స్టీమ్ ఇన్‌పుట్ ఆపేయండి.

ఇంకో ప్రశ్న. “ఇలా సరిచేస్తే ఎన్నాళ్లు ఆగుతుంది?”

స్టిక్ కింద ఉండేది పాత రేడియో వాల్యూమ్ నాబ్‌లో ఉండే వస్తువే. కార్బన్ పూత మీద చిన్న లోహపు నాలుక రాసుకుంటూ తిరుగుతుంది. రేడియో పాతబడితే నాబ్ తిప్పినప్పుడు గరగరమనేది గుర్తుందా? పూత అరిగి, ఆ పొడి పేరుకుంటే వచ్చే చప్పుడు అది. స్టిక్‌లో చప్పుడు రాదు, అంకె గెంతుతుంది. కాబట్టి సాఫ్ట్‌వేర్‌తో సరిచేసింది అరుగుదలని ఆపదు. కాగితం దాచుకుని రెండు నెలలకోసారి కొలిచి చూడండి. నిలిచే చోటు నెమ్మదిగా జరుగుతుంటే మళ్లీ జరపొచ్చు. స్టిక్ ముట్టుకోకపోయినా అంకె వేలల్లో ఎగిరెగిరి పడుతుంటే ఇక కాలిబ్రేషన్‌తో అయ్యేది కాదు. కంట్రోలర్ ఆపేసి, బ్యాటరీ తీసి, స్టిక్ మొదట్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేసి, గుండ్రంగా తిప్పి, పూర్తిగా ఆరనివ్వండి. కొన్నిసార్లు దాంతో బతుకుతుంది.

బతక్కపోతే స్టిక్ మాడ్యూల్ మార్చాలి. 14 కాళ్లు టంకం ఊడదీసి మళ్లీ వేయాలి, సెల్‌ఫోన్ రిపేరు షాపులో చేయగలవాళ్లుంటారు. మారుస్తుంటే హాల్ ఎఫెక్ట్ రకం అడగండి. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రమది. స్టిక్ కింద అయస్కాంతం ఉంటుంది, సెన్సర్ దాన్ని తాకకుండానే చదువుతుంది. రాసుకునేది లేదు కాబట్టి పూత అరగడమనే మాట లేదు. 1998లో వచ్చిన సెగా డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లోనే ఇది వాడారు. మాడ్యూల్ మార్చాక మాత్రం మళ్లీ ఎవ్‌టెస్ట్, మళ్లీ కాగితం. కొత్త స్టిక్ సున్నా పాతదాని సున్నా దగ్గర ఉండదు.

మా వాడి సంగతి అడుగుతున్నారు ముందు వరస వాళ్లు. ఆ రోజు వాడికి కూడా ఇవే అంకెలు చూపించాను. స్టిక్ వదిలి, “మైనస్ అయిదువేల రెండొందలా!” అని గట్టిగా చదివాడు. సగటు వాడే లెక్కకట్టాడు, కాగితం మీద. 26568 టైపు చేసింది కూడా వాడే. తర్వాత బండి తిన్నగా వెళ్తుంటే రెండు చేతులూ పైకెత్తి, “మామయ్యా, చూడు, నేను ముట్టుకోవట్లేదు” అన్నాడు.

కిటికీ పక్కన బల్ల మీద మూడు కంప్యూటర్లు పెట్టాం, ఎవ్‌టెస్ట్ తెరిచే ఉంది. కాగితాలు, పెన్సిళ్లు కూడా ఉన్నాయి. కంట్రోలర్ తెచ్చినవాళ్లు ఒక్కొక్కరుగా రండి. ముందు కేబుల్‌తో మొదలుపెడదాం.